జోడు కుదరని ఆకురాయి

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు భయం వేయదు, జాలీ వేయదు, ఒళ్లు మండుతుంది. నిజామాబాద్‌లో ఒక కాలేజీలో ముప్పై ఏళ్లు భూగర్భశాస్త్రం చెప్పాను. స్టాఫ్‌రూంలో టీ తాగే వేళకు ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు. నైట్ బస్సులో పక్క సీటు ఆవిడ ఏ స్టాపులోనూ దిగకుండానే మాయమైందట. అద్దె ఇంట్లో కుళాయి దానంతట అదే తిరిగిందట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేను మాత్రం రెండే ప్రశ్నలు వేసేదాన్ని. మీరు ఆ బస్సులో నిద్రపోలేదని గ్యారంటీ ఏంటి? ప్లంబర్‌ను పిలిచారా? దాంతో కథ ఆగిపోయేది. పోనుపోను నేను గదిలోకి రాగానే మాట మార్చేసేవాళ్లు. అందుకు నాకు లోపల గర్వంగానే ఉండేది.

ఇప్పుడు నేనే అలాంటిదొకటి రాస్తున్నాను. దెయ్యం లేదు, చీకటి లేదు, పొద్దున ఏడున్నర ఎండలో జరిగింది. మీరు అడగబోయే ప్రశ్నలన్నీ నాకు తెలుసు. అవన్నీ నేను ఇతరులను అడిగినవే. పేర్లు మాత్రం మార్చాను.

బోధన్ దాటి మంజీర వైపు వెళ్తే మా నాన్న వదిలిన నాలుగెకరాల రేగడి ఉంది. మా తమ్ముడు చేస్తాడు. చుట్టుపక్కల అందరూ చెరకు మానేసి వరి, సోయా వేసుకుంటుంటే వాడు మొండిగా రెండెకరాల చెరకు ఉంచాడు. చెరకుకు నీళ్లు కావాలి. నీళ్ల కోసం వాడు ఏం చేశాడో తెలుసా? భూగర్భశాస్త్రం చెప్పే సొంత అక్కను పెట్టుకుని, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే మనిషిని పిలిపించాడు. కాయ ఎక్కడ నిటారుగా లేస్తే అక్కడ నీళ్లట. మూడు చోట్ల లేచింది. మూడు బోర్లలోనూ దుమ్మే వచ్చింది. ఆ తర్వాత అక్క గుర్తొచ్చింది.

నేను వెళ్లి చూసి, బోర్లు మానేసి పాత బావినే లోతు చేయమన్నాను. ఆ పనికి గంగారాం అనే ఆయన కుటుంబం వచ్చింది. తాతల కాలం నుంచి బావులు తవ్వడమే వాళ్ల పని. గంగారాం పైన గట్టు మీద ఉండి క్రేన్ నడిపే వాళ్లకు ఎప్పుడు దింపాలో, ఎప్పుడు లేపాలో చెప్పేవాడు. ఇనుప తొట్టిలో కూర్చుని కిందికి దిగి తవ్వేది ఆయన అల్లుడు సాయిలు. ముప్పై ఏళ్లు ఉండొచ్చు, మాట తక్కువ మనిషి.

రెండో వారం తమ్ముడు ఫోన్ చేశాడు. నల్లరాయి అయిపోయి కింద బూడిద రంగు రాయి పొరలు పొరలుగా వస్తోందన్నాడు. "అక్క, పొర ఇప్పితే అండ్ల ఆకులున్నయి" అన్నాడు.

నేను వయసు మరిచిపోయి మొదటి బస్సు ఎక్కాను.

ఆ రాయి ఏమిటో చెప్పాలి. మా వైపు నల్లరాయి అంతా ఒకప్పుడు ఉడికి పారిన లావా. ఒకసారి పారి గడ్డకట్టాక మళ్లీ పారడానికి మధ్య వేల ఏళ్లు గడిచేవి. ఆ మధ్య కాలంలో పల్లాల్లో చెరువులు నిండేవి. చెరువు అడుగున సన్నటి బురద పేరుకునేది, అందులో ఆకులు, నత్తలు పడేవి. తర్వాత ఇంకో లావా వచ్చి మొత్తం కప్పేసేది. ఆ బురదే ఆరున్నర కోట్ల ఏళ్లకు ఇలా పలకలుగా చీలే రాయి అయింది. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. కానీ మా నాన్న బావిలో ఉందని ఏ పుస్తకంలోనూ లేదు.

నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. ముప్పై ఏళ్లు ఇతరులు కనుక్కున్నవి బోర్డు మీద రాసి తుడిచినదాన్ని. నా పేరుతో ఒక్క పరిశోధన పత్రం లేదు. మరుసటి ఏడే రిటైర్మెంట్. ఈ బావి నా కోసమే తవ్వుతున్నారని అనుకున్నాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్కడే ఉన్నాను. ఆ రాయి ఎండ తగిలితే నాలుగు రోజుల్లో పొడిపొడి అయిపోతుంది. అందుకని వచ్చిన పలకలను వచ్చినట్టే పాత పేపర్లలో చుట్టి నీడలో పెట్టేదాన్ని.

అక్కడే నాకు గంగారాం వాళ్ల పిచ్చి తెలిసింది. పిచ్చి పలు రకాలంటారు కదా, ఇది కొత్త రకం.

వాళ్లు ఆ రాయిని ఆకురాయి అంటారు. ఆకురాయి తగిలిన బావిలోకి రోజూ పొద్దున దిగే ముందు, నిన్న చివరగా పైకి వచ్చిన పలక ఒకటి తీసుకుంటారు. ఉలితో పొర వెంట రెండుగా విడదీస్తారు. రెండు ముక్కల్లో ఉన్న బొమ్మలు ఒకదానికొకటి సరిపోతే జోడు కుదిరినట్టు, అప్పుడే దిగుతారు. సరిపోకపోతే ఆ రోజు దిగరు. దిగే మనిషి ఆ రాయిని చూడకూడదు. పైనున్నవాళ్లు చూసి చెప్పాలి, అతను నమ్మి దిగాలి.

ఎందుకని అడిగాను. "రాయి ఒక్క మాట మీదున్నదా లేదా సూడాలె మేడం. రెండు మాటలు మాట్లాడేదాని కిందికి పోవద్దు" అన్నాడు గంగారాం.

నాకు నవ్వు ఆగలేదు. పొర విప్పితే ఒకవైపు ఆకు ఉబ్బుగా ఉంటుంది, రెండోవైపు అదే ఆకు గుంటగా ఉంటుంది. అచ్చుకు, అచ్చులో పోసిన బెల్లానికి ఉన్న సంబంధమే. కుదరకపోవడం అనేది ఉండదు. అంటే వీళ్లు రోజూ పెడుతున్నది ఎవరూ ఫెయిల్ కాని పరీక్ష, మా కాలేజీ ఇంటర్నల్స్ లాగా. అదే ఆయనకు చెప్పాను. ఎప్పుడైనా కుదరనిది చూశావా అని నిలదీశాను. తాను చూడలేదట, వాళ్ల తాత ఒక్కసారి చూశాడట, ఆ బావి వదిలేసి వచ్చారట. ఇలాంటివి ఎప్పుడూ తాతలే చూస్తారు. మనుమలు చూసిన పాపాన పోరు.

గంగారాంకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఉలి దెబ్బ మాత్రం తప్పేది కాదు, చేతి అలవాటు. కానీ రాతిలో ఆకు ఆయనకు ఆనేది కాదు. అందుకని మామూలు రోజుల్లో మా తమ్ముడు చూసి చెప్పేవాడు, చాలా భక్తిగా. ఆదివారాలు ఆ పని నా మీద పడింది. "సదువుకున్నోళ్లు, మాకన్న మంచిగ సూస్తరు" అని గంగారామే అన్నాడు. నేను దాన్ని వేళాకోళం చేసేదాన్ని. రెండు ముక్కలూ హారతి పళ్లెంలా పైకెత్తి, కుదిరింది, దిగండి నాయనా అనేదాన్ని. తమ్ముడు మొహం చిన్నబుచ్చుకునేవాడు. గంగారాం మాత్రం ఏమీ అనుకునేవాడు కాదు. నేను చెప్పిన మాట ఒక్కటే పట్టుకుని, అల్లుడి వైపు తిరిగి తల ఊపేవాడు.

నాలుగో ఆదివారం. ముందు రెండు రోజుల నుంచి పెద్ద పెద్ద పలకలు, ఈనెలతో సహా చెక్కుచెదరని ఆకులు వస్తున్నాయి. మర్నాటి నుంచి నాకు రెండు వారాలు వేరే ఊళ్లో పరీక్షల డ్యూటీ. ఆ పొర ఇక మిగిలింది రెండు మూడు అడుగులే. నేను తిరిగొచ్చేసరికి అది అయిపోయి కింద మళ్లీ నల్లరాయి వస్తుంది, నా ఆకులన్నీ గట్టు మీద ఎండకు మట్టి అవుతాయి. ఆ రోజు పని జరిగి తీరాలి. ఇది నేను దాచడం లేదు.

గంగారాం పలక నిలబెట్టి ఉలి ఆనించి రెండు దెబ్బలు వేశాడు. శుభ్రంగా విడిపోయింది. రెండు ముక్కలూ నాకు అందించాడు.

ఎడమ చేతి ముక్కలో ఒక ఆకు ఉంది, వేలెడు పొడవు. కుడి చేతి ముక్కలో రెండు ఉన్నాయి.

రెండింటిలో ఒకటి ఎడమవైపు ఆకుకు జోడీనే. రెండోది దాని కొసకు అడ్డంగా పడి ఉంది. ఎడమ ముక్కలో అది ఉండాల్సిన చోట ఏమీ లేదు, నున్నగా ఉంది.

ముక్కలు తారుమారు అయ్యాయేమో అనుకుని కలిపి చూశాను. వెంట్రుక సందు లేకుండా అతుక్కున్నాయి. అంచున తుప్పు రంగు గీత ఒకటి ఉంది, అది ఒక ముక్క మీద నుంచి రెండో ముక్క మీదికి తెగకుండా వెళ్లింది. విప్పాను. ఒకటి, రెండు. మళ్లీ కలిపాను, మళ్లీ విప్పాను. పొర ఊడిపోయిందేమో అని బ్యాగులోంచి భూతద్దం తీసి చూశాను. ఊడిన జాడ లేదు. గోటితో గీసి చూశాను. ఆ రెండో ఆకు ఉబ్బుగా ఉంది, ఈనెలు గోటికి తగులుతున్నాయి. ఇటువైపు ఉబ్బు ఉంటే అటువైపు గుంట ఉండి తీరాలి. ఈ మాట ముప్పై బ్యాచ్‌లకు చెప్పాను.

ఫోన్‌తో రెండు ఫొటోలు తీశాను. అలవాటు కొద్దీ పక్కన స్కేలు కూడా పెట్టాను.

సాయిలు తలకు తువ్వాలు కట్టుకుని ఒక కాలు తొట్టిలో పెట్టి నిలబడ్డాడు. రూలు ప్రకారం అటు తిరిగి ఉన్నాడు. గంగారాం తెల్లబారిన కళ్లతో నా వైపు చూస్తున్నాడు. ఎప్పుడూ ఇంతసేపు పట్టేది కాదు కదా.

"జోడు కుదిరిందా మేడం?" అన్నాడు.

భయం వేసిందా అంటే వేయలేదు. సిగ్గేసింది. కొబ్బరికాయ మనుషులను, బస్సు దెయ్యాలను ఇన్నేళ్లు ఎగతాళి చేసిన నేను, మా తమ్ముడి ముందు, క్రేన్ నడిపే వాళ్ల ముందు, కుదరలేదు, దిగొద్దు అనాలి. అంతకంటే చావు మేలనిపించింది. నేనే ఏదో పొరబడ్డాను, ఇంటికెళ్లి నిదానంగా చూస్తే తెలుస్తుంది అనుకున్నాను. రేపటి డ్యూటీ కూడా గుర్తొచ్చింది.

"కుదిరింది" అన్నాను. ఆ రోజు వేళాకోళం చేయలేదు. రెండు ముక్కలూ పేపర్లో చుట్టి బ్యాగులో వేసుకున్నాను.

గంగారాం తల ఊపాడు. తొట్టి దిగింది.

ముప్పావుగంటలో రెండు తొట్ల రాయి పైకి వచ్చింది. నేను నేల మీద చతికిలబడి పలకలు ఏరుకుంటున్నాను. సంతోషంగానే ఉన్నాను, అది కూడా చెప్పాలి. అప్పుడు కింద గోనెసంచి ఈడ్చినట్టు చప్పుడు వచ్చింది, తర్వాత దుమ్ము లేచింది. తూర్పు వైపు గోడలోని ఆకురాయి జారి, దాని మీదున్న నల్లరాయి బండ కిందికి వచ్చింది. సాయిలు నడుం దాకా దాని కింద ఉన్నాడు. పక్కనే తమ్ముడి చెరకు కొడుతున్నవాళ్లు కత్తులు పారేసి పరిగెత్తుకొచ్చారు. అతన్ని పైకి తేవడానికి గంట పైనే పట్టింది. ఆ గంటసేపూ గంగారాం బావి అంచున బోర్లా పడుకుని కిందికి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయనకు అక్కడ ఏమీ కనిపించదు.

సాయిలు బతికాడు. నిజామాబాద్‌లో కొన్నాళ్లు, హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఆస్పత్రుల్లో ఉంచాం. నడుం కింద భాగం మళ్లీ పనిచేయదని చెప్పి పంపించారు.

గోడ ఎందుకు జారిందో నేను చెప్పగలను. ఆ రాయి తడి పీల్చుకుని మెత్తబడుతుంది, పైన నల్లరాయి బరువు ఉంటుంది, జారుతుంది. ముందురోజు సాయంత్రం ఆ గోడను తమ్ముడు వీడియో తీసి పంపితే చూసి, పర్వాలేదన్నది నేనే. అది నా చదువు చేసిన తప్పు. అందులో వింత లేదు, అయిదు మార్కుల ప్రశ్నకు సరిపోయే జవాబు. నేను చెబుతున్న వింత అది కాదు.

నెల తర్వాత ఇంట్లో టేబుల్ లైటు కింద ఆ పేపర్ విప్పాను. ఎడమవైపు ఒకటి, కుడివైపు రెండు. నాకు చదువు చెప్పిన పెద్దాయనకు ఫొటోలు పంపాను. రెండు వేరువేరు పలకలు కలిపేసి ఉంటావమ్మా, వయసు మీద పడ్డాక జాగ్రత్తగా ఉండాలి అని జవాబిచ్చారు. నా దగ్గరికి ఎవరైనా ఇలాంటిది తెస్తే నేనూ అదే అనేదాన్ని, ఇంకాస్త వెటకారం కలిపి. తర్వాత నా దగ్గర చదువుకుని మంచి ల్యాబ్‌లో పనిచేస్తున్న కుర్రవాడికి రాయినే ఇచ్చాను. వారం ఉంచుకున్నాడు. రెండూ ఒకే రాయి మేడం, విరుపు ఒక్కటే, పొర ఊడిన గుర్తు లేదు, చెక్కింది కాదు అన్నాడు. మరి ఎందుకిలా అన్నాను. పిల్లలు ఏం చదువుతున్నారు మేడం అని అడిగాడు. మాట మార్చడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పత్రం రాయలేదు. తమ్ముడు బావి పూడ్చేశాడు, చెరకు తీసేశాడు.

వాళ్ల ఇంటికి వెళ్లడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. సాయిలు గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నాడు. పక్కన అతని భార్య గంగామణి తునికాకు కత్తిరించి ఇస్తోంది. మా వైపు బీడీలు ఆడవాళ్లే చుడతారు. బండలు పగలగొట్టిన ఆ చేతుల్లో బీడీలు సన్నగా, ఒకే కొలతలో వస్తున్నాయి. గంగారాం మంచం మీద కూర్చున్నాడు. నా గొంతు వినగానే లేచి నిలబడబోయాడు.

ఆయన జోడు చూడటం మానేశాడట. తాను మానేయడమే కాదు, బావులు తవ్వే తన వాళ్లందరికీ చెప్పి మాన్పించాడట. "మీరే కరెక్టు మేడం" అన్నాడు. "రాయికి మాటేడిదుంటది. కుదిరినట్టు సూపెట్టి నా అల్లుణ్ని పండవెట్టింది. మా తాతలు పిచ్చోళ్లు. మీరు నవ్వితిరి, మేం ఇనకపోతిమి."

ముప్పై ఏళ్లలో ఒక్క మనిషి కూడా నాతో ఆ మాట అనలేదు. మూఢనమ్మకం ఒకటి నా వల్ల పోయింది. ఆయనకు నేను కనిపించనని తెలిసి కూడా తల ఎత్తలేకపోయాను.

గంగారాం కర్ర తీసుకుని టీకి వెళ్లాక, బ్యాగులోంచి ఆ రెండు ముక్కలూ తీసి సాయిలు చాటలో ఆకుల మీద పెట్టాను. అతను రెండూ కలిపాడు, విప్పాడు, మళ్లీ కలిపాడు. గంగామణి వంగి చూసి కత్తెర కింద పెట్టేసింది.

"ఆనాటిదేనా?" అన్నాడు సాయిలు.

అవునన్నాను.

"నేను తొట్టిల కాలు పెట్టంగ సూసిండ్రా, ఎనుక సూసిండ్రా?"

"అప్పుడే చూశాను" అన్నాను.

ఆ రెండో ఆకు ఈనెల మీద బొటనవేలు ఆడించాడు. తర్వాత రెండు ముక్కలూ కలిపి, నేను తెచ్చిన పేపర్లోనే మళ్లీ చుట్టి నా చేతికిచ్చాడు.

"మామకు చెప్పకుండ్రి మేడం. రాయి మోసం జేసిందనుకుంటుండు, అనుకోనియ్యుండ్రి. మనిషి జేసిందంటే బతకడు."

ఆ మాట అని ఇంకో ఆకు తీసుకుని తంబాకు పోసి చుట్టడం మొదలుపెట్టాడు. కోపం లేదు. నా వైపు మళ్లీ చూడలేదు. మనిషిని లెక్కలోంచి తీసేయడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఎందరినో తీసేసినదాన్ని. గంగామణి లేచి, నేను వెళ్లడానికి తలుపు పూర్తిగా తెరిచింది.

మొన్న తమ్ముడు మాటల్లో పక్క ఊళ్లో ఎవరిదో బావి లోతు చేస్తుంటే ఆకురాయి తగిలిందన్నాడు. జోడు చూస్తున్నారా అని అడిగాను. "అవన్ని ఎవరు నమ్ముతుండ్రక్క ఇప్పుడు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అక్కడికి వెళ్లాను. దిగబోతున్నవాణ్ని ఆపి, ఒక్క పలక విప్పి చూడనివ్వమని అడిగాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. వాళ్ల మేస్త్రీ మాత్రం మర్యాదగానే అడిగాడు.

"మేడం, మీరు సదువుకున్నోళ్లు గదా, మీరు గూడ నమ్ముతరా?"

ఏం చెప్పను? ఆ ఒక్క పలకలో అటు ఒకటి, ఇటు రెండు ఆకులు ఎలా వచ్చాయో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ రాయికి ఏమైనా తెలుసా అంటే అదీ తెలియదు. తెలియదనే చెప్పాను. ఉలి ఇవ్వమని చేయి చాపాను.